చంటిబిడ్డ ఊపిరికి ఆసరా: గొట్టం ఎప్పుడు పెడతాము, ఎందుకు త్వరగా తీస్తాము



మా నవజాత శిశు విభాగం తలుపు బయట ఒక బల్ల ఉంది. ఆ బల్ల మీద కూర్చున్నవారు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది, "మా బిడ్డకు వెంటిలేటరు ఎందుకు పెట్టలేదండి? పక్క బిడ్డకు పెట్టారు కదా, మేము డబ్బు కట్టలేమనుకున్నారా?" రెండవది దీనికి సరిగ్గా ఎదురు. "వెంటిలేటరు పెట్టారంటే ఇక ఆశ లేనట్టే కదా, ఇంటికి తీసుకుపోనివ్వండి." ఒక్కోసారి ఒకే కుటుంబం సోమవారం మొదటి ప్రశ్న, మంగళవారం రెండవ ప్రశ్న అడుగుతుంది.

రెండవ మాట 2020, 2021 కరోనా రోజుల తరువాత మాకు మరీ ఎక్కువగా వినిపిస్తోంది. ఆ రోజుల్లో వెంటిలేటరు మీదకు వెళ్ళి తిరిగి రాని పెద్దవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఆ భయం ఊరికే పోదు. కానీ నెలలు తక్కువగా పుట్టిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ ఊపిరితిత్తులు పాడైపోలేదు, ఇంకా తయారు కాలేదు. తయారు కావడానికి కొన్ని రోజులు కావాలి. యంత్రం చేసేది ఆ రోజులు గడవనివ్వడమే.

ఊపిరితిత్తులలో ఏమి జరుగుతుంది

తల్లి కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు గాలితో కాదు, నీటితో నిండి ఉంటాయి. ప్రాణవాయువు మాయ నుండి బొడ్డుతాడు ద్వారా వస్తుంది. పుట్టీ పుట్టగానే ఆ నీరు ఇంకిపోవాలి, గాలి లోపలికి రావాలి. ఆదికాండములో మొదటి మనిషి నాసికలోనికి ఊపిరి వచ్చిన సంగతి చదువుకుంటాము. కాన్పు గదిలో పనిచేసే మాకు ఆ అధ్యాయం తరచుగా గుర్తుకు వస్తుంది.

ఊపిరితిత్తుల నిండా ద్రాక్షగుత్తుల్లాగా చిన్న చిన్న గాలిగదులు ఉంటాయి. వాటి లోపలి గోడలు తడిగా ఉంటాయి. తడిసిన పాలిథిన్ కవరు పొరలు ఒకదానికొకటి అంటుకుపోవడం మీరు చూసే ఉంటారు. గాలిగదులు కూడా అలాగే అంటుకుపోవాలి. పోకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ అనే పదార్థం. సబ్బు నురగలాగా ఇది తడి గోడల బిగువును తగ్గిస్తుంది. కడుపులో బిడ్డకు ఇది సుమారు 24 వారాల నుండి మొదలై, 34, 35 వారాలకు గానీ సరిపడా తయారు కాదు. అంతకు ముందు పుట్టిన బిడ్డ ప్రతి శ్వాసకూ అంటుకుపోయిన గదులను మళ్ళీ మొదటి నుండి తెరుచుకోవాలి. కొత్త బూరను మొదటిసారి ఊదడం ఎంత కష్టమో పిల్లలకు కూడా తెలుసు. ఆ కష్టం నిమిషానికి 60 సార్లు, 70 సార్లు పడాలంటే కిలోంపావు బిడ్డ ఎంతసేపు పడగలదు?

అలాంటి బిడ్డ వేగంగా ఊపిరి తీస్తుంది, ముక్కుపుటాలు ఎగరేస్తుంది, డొక్కలు లోపలికి పీక్కుపోతాయి, పెదవులు నీలంగా మారతాయి. దానితోపాటు ఒక మూలుగు వినిపిస్తుంది. ఇంట్లోవారు ఆ మూలుగును ఏడుపు అనుకుంటారు, కడుపునొప్పి అని కూడా అనుకుంటారు. నిజానికి అది బిడ్డ తనను తాను కాపాడుకునే ప్రయత్నం. గాలి వదిలేటప్పుడు గొంతును సగం మూసి, కొంచెం గాలిని లోపలే ఆపుకుంటోంది. కొంచెం గాలి మిగిలిన బూరను మళ్ళీ ఊదడం సులువు కదా. ఈ ఉపాయం ఆ పసిగుడ్డుకు ఎవరూ నేర్పలేదు.

ఆయాసం వచ్చిన ప్రతి బిడ్డనూ "ఉమ్మనీరు తాగేశాడు" అనడం మనవాళ్ళకు అలవాటు. అన్నిటికీ కారణం అది కాదు. ఊపిరితిత్తులలో నీరు ఇంకడం ఆలస్యం కావడం, కడుపులోనే మలం పోసి దానిని పీల్చడం, సూక్ష్మక్రిముల వల్ల వచ్చే న్యుమోనియా, ఇవన్నీ వేరు వేరు. నీరు ఇంకక వచ్చే ఆయాసం ఎక్కువగా ఆపరేషను కాన్పులలో చూస్తాము, సాధారణంగా రెండు మూడు రోజులలో పోతుంది. ఈ నెల మేము రాస్తున్నది ముఖ్యంగా సర్ఫాక్టెంట్ లోటు గురించే.

ఒక అధ్యక్షుని బిడ్డ

1963 ఆగస్టు 7న అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీకి ఒక కొడుకు పుట్టాడు. పేరు ప్యాట్రిక్. అయిదున్నర వారాలు ముందుగా పుట్టాడు, బరువు రెండు కిలోల పైనే. ఈ రోజులలో అంత బిడ్డ పుడితే చిన్న ఆసుపత్రులు కూడా ధైర్యంగా చూస్తాయి. ప్యాట్రిక్‌ను బోస్టన్ నగరానికి తీసుకువెళ్ళి అప్పటికి తెలిసినదంతా చేశారు. ఆగస్టు 9న, రెండు రోజులైనా నిండకుండానే, బిడ్డ కన్నుమూశాడు.

ఆ బిడ్డ లోపల ఏమి తక్కువైందో అప్పటికే తెలుసు. నాలుగేళ్ళ ముందు, 1959లో, మేరీ ఎలెన్ ఏవరీ అనే వైద్యురాలు జెరి మీడ్‌తో కలిసి సర్ఫాక్టెంట్ లోటును కనిపెట్టారు. కారణం తెలిసింది, చేతిలో మందు లేదు. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జి గ్రెగరీ, ఆయన తోటివారు బిడ్డ మూలుగు చేస్తున్న పనినే పరికరంతో చేసి చూపించారు. ఎడతెగకుండా కొంచెం ఒత్తిడితో గాలి పంపి గాలిగదులు మూసుకుపోకుండా నిలిపారు. 1980లో జపానులో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుండి తీసిన సర్ఫాక్టెంట్‌ను 10 మంది బిడ్డలకు ఇచ్చి ఫలితం సాధించింది. ఇప్పుడు మేము వాడే మందు కూడా ఆవుల లేక పందుల ఊపిరితిత్తుల నుండి శుద్ధి చేసినదే. కొన్ని కుటుంబాలు ఈ సంగతి ముందే తెలుసుకోవాలనుకుంటాయి, అందుకే దాచకుండా చెబుతున్నాము.

నీళ్ళ సీసా, బుడగలు

మా విభాగంలో అన్నిటికంటే ఎక్కువగా వాడే ఊపిరి పరికరం చూడడానికి ఏమంత గొప్పగా ఉండదు. ముక్కు రంధ్రాలలో రెండు మెత్తని చిన్న గొట్టాలు, తల మీద టోపీ, ఒక పక్కన నీళ్ళ సీసా. దీనిని సీప్యాప్ అంటాము. బిడ్డ తానే ఊపిరి తీస్తుంది, పరికరం గాలిగదులు మూసుకుపోకుండా మాత్రమే చూస్తుంది. గాలి బయటకు పోయే గొట్టం చివరను సీసాలోని నీటిలో 5 సెంటీమీటర్ల లోతున ముంచుతాము. ఆ లోతే ఒత్తిడి. నీళ్ళు గుడగుడమంటూ బుడగలు వస్తుంటే ఒత్తిడి నిలబడినట్టే. బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి పోతోంది, ముక్కు గొట్టం జారి ఉంటుంది లేక బిడ్డ నోరు తెరిచి ఉంటుంది. లోపలికి వచ్చిన తల్లులకు మేము ఇదే చెబుతాము: "అమ్మా, గుడగుడ ఆగితే వెంటనే సిస్టరును పిలవండి." ఒకరిద్దరు తల్లులు మా కొత్త నర్సుల కంటే ముందే దానిని పసిగట్టడం మేము చూశాము.

నెలలు తక్కువ బిడ్డలలో చాలామందికి ఇదే చాలు. ముక్కు గొట్టం చూసి "మిషను పెట్టలేదు, ఏదో సరిపెట్టేస్తున్నారు" అనుకునేవారికి మేము గట్టిగా చెప్పదలిచాము. ఇది పేదవారి వైద్యం కాదు. ప్రపంచంలోని పెద్ద ఆసుపత్రులు కూడా ఊపిరి తీయగల నెలలు తక్కువ బిడ్డకు ముందుగా దీనినే పెడతాయి.

రెండవ రోజు

ఒక కుటుంబం సంగతి చెబుతాము. గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాము. తల్లికి తొలిచూలు, 31వ వారంలో నొప్పులు వచ్చాయి. ఉదయం మొదలైతే "ఏడో నెల బిడ్డ ఎలాగూ బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుడితేనే కష్టం" అని పెద్దవారు సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంచారు. మా దగ్గరకు వచ్చిన గంటలోపే కాన్పు అయింది. 1350 గ్రాముల మగబిడ్డ. మూలుగుతున్నాడు. సీప్యాప్ పెట్టాము, గాలిలో 30 శాతం ఆక్సిజన్‌తో ఆ రాత్రి నిలబడ్డాడు. నాయనమ్మ మొదటి ప్రశ్న అడిగింది, మేము జవాబు చెప్పాము.

తెల్లవారేసరికి ఆక్సిజన్ 45 శాతానికి చేరింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు అద్దానికి ఆవిరి పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. డొక్కలు పీక్కుపోతున్నాయి, మధ్య మధ్య ఊపిరి ఆగుతోంది. గొంతులో గొట్టం వేసి సర్ఫాక్టెంట్ ఇచ్చి వెంటిలేటరు పెట్టాలి. తండ్రిని పిలిచి చెప్పాము. అప్పుడు రెండవ ప్రశ్న వచ్చింది. "నిన్న బాగున్నాడన్నారు, ఈ రోజు గొట్టం అంటున్నారు. ఇంటికి తీసుకుపోతామండి, కనీసం మా చేతుల్లో పోతాడు." వెనుక నుండి నాయనమ్మ, "అయ్యా, అంత పసిగుడ్డుకి గొంతులో గొట్టమా?" అని ఏడుస్తోంది.

ఆ రోజు వారికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాము, ఎందుకంటే ప్రతి కుటుంబం దీనిని కాన్పుకు ముందే విని ఉంటే బాగుంటుంది. సర్ఫాక్టెంట్ లోటు జబ్బు పుట్టిన రోజు కంటే మరునాడు ముదురుతుంది. మందు ఇవ్వకపోతే రెండు మూడు రోజులు పెరుగుతూనే ఉండి, ఆ తరువాత బిడ్డ తానే సర్ఫాక్టెంట్ తయారు చేసుకోవడం మొదలుపెట్టాక తగ్గుతుంది. అంటే ఇంట్లోవారు ఆశ వదులుకునే వేళకు జబ్బు మలుపు దగ్గరకు వచ్చి ఉంటుంది. రెండవ రోజు బిడ్డ బరువెక్కడం వైద్యం తప్పినందువల్ల కాదు, ఈ జబ్బు నడక అంతే. ఆ మలుపు దాటించడానికే గొట్టం. తప్పక బతుకుతాడని మేము మాట ఇవ్వలేదు, ఇవ్వలేము. కొందరు బిడ్డలు మందు, యంత్రం అన్నీ ఉన్నా నిలవరు. మెదడులో రక్తస్రావం జరగవచ్చు, ఊపిరితిత్తి చిల్లుపడి గాలి బయటకు రావచ్చు. అది కూడా ఆ తండ్రికి చెప్పాము. పాస్టరుగారు వచ్చి ఆ బల్ల మీదే ఆయన పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. తరువాత తండ్రి లేచి వచ్చి సంతకం చేశాడు.

టీ చెంచాడు గాలి

గొట్టం పెట్టిన తరువాత మా పని ఎక్కువ గాలి పంపడం కాదు, పంపే గాలిని కొలవడం. చంటిబిడ్డకు ఒక్కో శ్వాసకు కావలసింది కిలో బరువుకు 4 నుండి 6 మిల్లీలీటర్లు. ఈ బిడ్డకైతే ఆరేడు మిల్లీలీటర్లు, టీ చెంచా కంటే కాస్త ఎక్కువ. అంతకు మించి పంపితే లేత గాలిగదులు సాగి చిరుగుతాయి, ఆ గాయం మానడానికి నెలలు పడుతుంది. కొందరు బిడ్డలు వారాల తరబడి ఆక్సిజన్ వదలలేకపోవడానికి ఇది ఒక కారణం. మరీ తక్కువ పంపినా గదులు మూసుకుపోతాయి. ఇప్పటి యంత్రాలు ప్రతి శ్వాసనూ కొలిచి, బిడ్డ తానే ఊపిరి తీయబోతే దానిని గుర్తించి సాయం చేస్తాయి. మామూలు వెంటిలేటరు చాలని బిడ్డలకు నిమిషానికి 600 సార్లు సన్నగా కంపించే యంత్రం వాడతారు. అది అవసరమైన బిడ్డలను మేము పెద్ద కేంద్రానికి పంపుతాము.

ఆక్సిజన్ విషయంలో కూడా ఇంట్లోవారితో మాకు చిన్న పేచీ వస్తుంది. కరోనా వచ్చినప్పటి నుండి అందరికీ వేలికి పెట్టే ఆక్సీమీటరు తెలుసు, 98, 99 ఉంటే మంచిదని తెలుసు. మా తెర మీద 92 చూసి, "తగ్గిపోయిందండీ, పెంచండి" అంటారు. ఆక్సిజన్ మీద ఉన్న నెలలు తక్కువ బిడ్డకు మేము కోరుకునేది 90 నుండి 95. అంతకు తగ్గితే ప్రాణానికి ప్రమాదం. ఎప్పుడూ 100 దగ్గర ఉంచితే కంటి వెనుక పొరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోవచ్చు. 1940లలో, 1950ల మొదట్లో అమెరికా, ఐరోపా దేశాలలో నెలలు తక్కువ బిడ్డలకు మంచి చేస్తున్నామనుకుని ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చారు. వేలమంది గుడ్డివారయ్యారు. అందుకే మా అలారం తగ్గినప్పుడే కాదు, పెరిగినా మోగుతుంది.

మన కథలోని బిడ్డకు మందు ఇచ్చిన రెండు గంటలలో ఆక్సిజన్ 30 శాతానికి దిగింది. ఊపిరి మరచిపోకుండా కెఫీన్ మొదలుపెట్టాము. కాఫీలో ఉండేదే, కొలిచి మందుగా ఇస్తాము. నలభై గంటల తరువాత గొట్టం తీసి మళ్ళీ సీప్యాప్ పెట్టాము. గొట్టం ఉన్న ప్రతి రోజూ క్రిములకు దారి ఉన్నట్టే, అందుకే తీసే రోజును పెట్టిన రోజు నుండే ఆలోచిస్తాము. ఒక్కోసారి తీసిన తరువాత మళ్ళీ పెట్టవలసి వస్తుంది. అలా జరిగితే ఓడిపోయామని కాదు, బిడ్డ ఇంకా రెండు రోజులు అడుగుతోంది అని తీసుకోండి.

ఆ సాయంత్రం ఇంట్లోనే గడిచిపోయింది

ఈ కుటుంబం విషయంలో మాకు ఇప్పటికీ బాధగా ఉన్నది ఒకటే, ఆ మొదటి రోజు ఉదయం నుండి సాయంత్రం వరకు గడిచిన గంటలు. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉన్నప్పుడు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే అవి బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేస్తాయి. న్యూజిలాండులో గ్రాహం లిగిన్స్ ముందు గొర్రెలలో దీనిని గమనించి, రాస్ హోవీతో కలిసి 1972లో తల్లులలో నిరూపించారు. మన దేశంలో డెక్సామెథజోన్ వాడతారు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు. మందు ఖరీదు చాలా తక్కువ. పెద్ద ఆసుపత్రికి పంపే ముందు మొదటి ఇంజెక్షను ఏ.ఎన్.ఎం. కూడా ఇవ్వవచ్చునని 2014లోనే కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే మందు బాగా పనిచేయడానికి ఒక రోజు వ్యవధి కావాలి. ఆ తల్లి ఉదయమే వచ్చి ఉంటే ఆ మందు మొదలుపెట్టేవాళ్ళం, కాన్పును కాస్త ఆపడానికీ ప్రయత్నించేవాళ్ళం.

ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట మన ఊళ్ళలో ఎంత పాతదో అంత తప్పు. కడుపులో ఒక్కొక్క వారం పెరిగే కొద్దీ ఊపిరితిత్తులు బలపడతాయి, ఎనిమిదో నెల ఏడో నెల కంటే ఎప్పుడూ మేలే. గడువుకు ముందు నొప్పులు, ఉమ్మనీరు పోవడం, రక్తం కనిపించడం, వీటిలో ఏది జరిగినా 108కి ఫోను చేయండి. బిడ్డను తరలించడానికి తల్లి గర్భాన్ని మించిన అంబులెన్సు లేదు. దారిలో కాన్పు అయిపోతే స్నానం చేయించకుండా, తుడిచి, తల్లి గుండెకు ఆనించి వెచ్చగా కప్పి తీసుకురండి.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. మన కుటుంబాలు ముహూర్తాలు చూడవు గానీ, క్రిస్మస్‌కు ఇంట్లో ఉండాలని, దుబాయి నుండి వచ్చిన అల్లుడి సెలవు అయిపోతుందని, 37వ వారంలోనే ఆపరేషను చేయమని అడిగేవారున్నారు. వైద్య కారణం లేకుండా 39 వారాలకు ముందు ఆపరేషను చేస్తే ఆయాసంతో మా విభాగానికి వచ్చే బిడ్డలు పెరుగుతారు.

లోపల బిడ్డ ఉన్నప్పుడు మీ పని

ఏమీ చేయలేక బయట కూర్చున్నామని అనుకోకండి. తల్లి పిండి ఇచ్చే పాలు, అవి మొదట చుక్కలే అయినా, సన్నని గొట్టం ద్వారా, తరువాత ఉగ్గుగిన్నెతో బిడ్డకు చేరతాయి. సీప్యాప్ మీద ఉన్న బిడ్డను కూడా నిలకడగా ఉంటే తల్లి గుండె మీద పడుకోబెడతాము. తల్లికి అలసట అయితే తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ ఎవరైనా కూర్చోవచ్చు. మోచేతుల దాకా చేతులు కడుక్కోవాలి, ఉంగరాలు, గాజులు తీసేయాలి. ప్రార్థన చేయడానికి వచ్చే సంఘ పెద్దలకు కూడా ఇదే నియమం. బిడ్డ చర్మం చాలా పలుచన కనుక దయచేసి నూనె రాయవద్దు, పక్కన నిలబడి ప్రార్థన చేయండి. ఆరోగ్య పథకం కార్డు ఉంటే మొదటి రోజే కౌంటరులో చూపించండి. డబ్బు సంగతి దాచుకుని రెండవ రోజు ఇంటికి తీసుకుపోతామనడం కంటే మొదటి రోజే మాతో చెప్పడం మంచిది.

మన బిడ్డ అయిదు వారాలు మా దగ్గర ఉన్నాడు. సీప్యాప్ తొమ్మిదవ రోజు తీశాము. 34 వారాలకు ముందు పుట్టిన లేక 2 కిలోల లోపు బరువుతో పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిన 30 రోజులలోపు కంటి వెనుక పొర పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకైతే రెండు మూడు వారాలకే. బిడ్డ బయటకు బాగానే కనిపిస్తాడు, లోపల చూపు పోతున్నా తెలియదు. గడువు దాటితే చికిత్సకు అవకాశం ఉండదు. నాయనమ్మ ఆ తేదీని చర్చి క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టించి, ఇరవై ఎనిమిదవ రోజు ఉదయం తానే బిడ్డను ఎత్తుకుని కంటి డాక్టరు ముందు కూర్చుంది. రక్తనాళాలు ఇంకా పూర్తిగా పెరగలేదు, ప్రస్తుతానికి భయం లేదన్నారు. రెండు వారాల తరువాత మళ్ళీ చూపించమని రాసిచ్చారు. వినికిడి పరీక్ష కూడా ఆ రోజే పెట్టాము.